మూడవ చక్రం: పాత టూరింగు మోటారు సైకిలుకు సైడుకారు అమర్చడంలోని శాస్త్రం

మన తెలుగు కుటుంబాలలో మోటారు సైకిలుపై దూరప్రయాణాలు చేసేవారు సంఖ్యలో స్వల్పులే. అయినప్పటికీ వారికి తమ వాహనంపై ఉండే మమకారం స్వల్పమైనది కాదు. 1980 దశకంలో ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్ కర్మాగారం నుండి వెలువడిన హోండా గోల్డ్‌వింగు జి.ఎల్. 1200 వంటి బండి నేటికీ కొందరి గరాజులలో చెక్కు చెదరకుండా ఉన్నది. చెక్కు చెదిరినవి యజమానుల మోకాళ్ళు. మూడు వందల కిలోలు దాటిన ఆ బరువును ప్రతి ఎర్రదీపం వద్ద రెండు కాళ్ళ మీద నిలబెట్టడం అరవై దాటినవారికి సులభం కాదు. మనుమలను ఎక్కించుకుందామంటే వెనుక సీటు మీద వారి పాదాలు ఆనవు. ఇండియా నుండి వచ్చిన అమ్మగారిని చీరకట్టుతో ఒక పక్కకు కూర్చోబెట్టి ఫ్రీవే మీదికి తీసుకువెళ్ళడానికి ఏ కొడుకూ సాహసించడు. ఇటువంటి సందర్భాలలోనే "దీనికొక సైడుకారు తగిలిస్తే సరిపోదా?" అన్న ఆలోచన కలుగుతుంది.

సరిపోతుంది. అయితే ఆ కార్యం బండికి సామాను పెట్టె బిగించడం వంటిది కాదు. మూడవ చక్రం చేరిన క్షణం నుండి ఆ వాహనం ప్రవర్తించే తీరు పూర్తిగా మారిపోతుంది. దానిని నడిపేవారు ముప్పై ఏళ్ళుగా అలవరచుకున్న నేర్పులో కొంత భాగం ఇకమీదట ప్రమాదహేతువు అవుతుంది. ఆ మార్పు ఎక్కడినుండి వస్తున్నదో తెలిసినవారు బిగించే పనిని తామే చేసినా, నిపుణునికి అప్పగించినా, అడగవలసిన ప్రశ్నలు అడగగలుగుతారు. ఈ వ్యాసం ఉద్దేశం అంతవరకే.

సైడుకారు మన వారికి కొత్తది కాదు. 1975 నాటి "షోలే" చిత్రంలో మిత్రులిద్దరూ పాట పాడుకుంటూ వెళ్ళిన బండిని ఎవరూ మరచిపోలేదు. స్కూటరుకు ఎడమవైపున చిన్న తొట్టె వంటి సైడుకారు అమర్చుకుని, భార్యనూ పిల్లలనూ కూర్చోబెట్టుకుని వెళ్ళే ఉద్యోగస్థులు మన పట్టణాలలో ఒకప్పుడు కనిపించేవారు. ఇంగ్లండులో 1922లో ఆస్టిన్ సెవెన్ వంటి చవుక కార్లు రాకముందు సైడుకారే మధ్యతరగతి కుటుంబానికి వాహనం. నేడు జాగ్వార్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందిన సంస్థ అదే 1922లో బ్లాక్‌పూల్ పట్టణంలో స్వాలో సైడుకార్ కంపెనీగా మొదలైనదని చెబితే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇండియాలోనూ ఇంగ్లండులోనూ వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి కనుక సైడుకారు బండికి ఎడమవైపున ఉంటుంది. అమెరికాలో అది కుడివైపున ఉండాలి. అభిమానం కొద్దీ బుల్లెట్టు సైడుకారును ఓడలో తెప్పించుకునేవారు ఈ సంగతిని ముందే ఆలోచించుకోవాలి. ఎడమవైపు సైడుకారును ఇక్కడ బిగిస్తే అందులో కూర్చున్న మనిషి ఎదురుగా వచ్చే వాహనాల పక్కన ఉంటాడు. ఇక ముందు చెప్పబోయే కుడి ఎడమలన్నీ అమెరికా పద్ధతికి సంబంధించినవి. గల్ఫు దేశాలలోని పాఠకులకు కూడా ఇవే వర్తిస్తాయి. ఇంగ్లండు, మలేషియా, మారిషస్, దక్షిణాఫ్రికా దేశాలలోని వారు కుడిని ఎడమగా, ఎడమను కుడిగా మార్చుకుని చదువుకోవలసి ఉంటుంది.

వాలే బండి, వాలని బండి

రెండు చక్రాల బండి మలుపు తిరిగేటప్పుడు లోపలికి వాలుతుంది. ఆ వాలులో ఒక గొప్ప సౌకర్యం దాగి ఉన్నది. భూమ్యాకర్షణ వలన కిందికి లాగే బలమూ, మలుపు వలన బయటికి నెట్టినట్లు తోచే అపకేంద్ర బలమూ కలిసి ఏర్పడే ఫలితబలం ఎప్పుడూ చక్రపు తలంలోనే ఉంటుంది. చక్రాన్ని పక్కనుండి వంచే బలం దాదాపు ఉండదు. అందువలననే మోటారు సైకిలు చక్రాలు, ముందు ఫోర్కులు, ఫ్రేము గొట్టాలు అంత సన్నగా ఉండి కూడా అంత బరువు మోయగలుగుతున్నాయి.

సైడుకారు బిగించిన బండి వాలదు. కనుక మలుపులోని పక్కబలం అంతా చక్రాల మీద అడ్డంగా పడుతుంది. ఏ పక్కబలానికైతే ఫ్రేము నిర్మాత ఎన్నడూ లెక్క వేయలేదో, ఆ బలమే ఇప్పుడు ప్రతి మలుపులో వచ్చి తగులుతుంది. పుల్లల చక్రాలలో పుల్లలు వదులవుతాయి, ఫోర్కు గొట్టాలు పక్కకు వంగుతాయి, స్వింగ్ ఆర్మ్ బేరింగులు అరుగుతాయి. బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1955 నుండి 1969 వరకు తయారుచేసిన ఎర్ల్స్ ఫోర్కు బండ్లు దీనిని ముందుగానే ఊహించి కట్టినవి. వాటి ముందు ఫోర్కు ఇరుసుకు రెండు స్థానాలు ఉండేవి: ఒకటి ఒంటరి బండికి, రెండవది సైడుకారుకు. ఆ తరువాత వచ్చిన టెలిస్కోపిక్ ఫోర్కుల బండ్లు సైడుకారును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. గోల్డ్‌వింగు కూడా అంతే. అమర్చలేమని దీని అర్థం కాదు. నిర్మాత చేయని ఆలోచన మనం చేయవలసి ఉంటుందని మాత్రమే.

రెండవ విషయం అసమానత. కారు బరువు మధ్యగీతకు ఇరువైపులా సమానంగా ఉంటుంది. ఆటోరిక్షాదీ అంతే. ఈ వాహనానిది అట్లా కాదు. కుడి మలుపులో దీని స్వభావం వేరు, ఎడమ మలుపులో వేరు. చిన్న లెక్క వేస్తే ఎంత వేరో తెలుస్తుంది.

బండి 320 కిలోలు, నడిపేవారు 75 కిలోలు, ఖాళీ సైడుకారు 105 కిలోలు అనుకుందాం. మొత్తం 500. సైడుకారు బరువు బండి చక్రాల గీతకు 75 సెంటీమీటర్ల కుడిగా కేంద్రీకృతమై ఉన్నదనుకుంటే, మొత్తం వాహనపు గురుత్వ కేంద్రం ఆ గీతకు 105ను 0.75తో గుణించి 500తో భాగించినంత దూరంలో, అంటే సుమారు 16 సెంటీమీటర్ల కుడివైపున ఉంటుంది. దాని ఎత్తు నేల నుండి 60 సెంటీమీటర్లు అనుకుందాం. కుడివైపు మలుపు తిరిగితే అపకేంద్ర బలం ఎడమవైపు నెడుతుంది. బండి రెండు చక్రాల గీత మీదుగా వాహనం తిరగబడి, సైడుకారు గాలిలోకి లేస్తుంది. అది లేవడానికి కావలసిన పక్క త్వరణం 16ను 60తో భాగించినంత, అంటే భూమ్యాకర్షణ త్వరణంలో నాలుగవ వంతు కంటె కొద్దిగా ఎక్కువ. ముప్పై మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో ఆ త్వరణం గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగం వద్దనే వస్తుంది. మైళ్ళలో చెప్పుకోవాలంటే ఇరవైకి లోపే.

ఒంటరి బండి మీద అటువంటి మలుపును ముప్పై మైళ్ళతో తిరగడం అనుభవజ్ఞులకు విశేషం కాదు. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. సైడుకారు చక్రం లేవగానే అలవాటు లేనివారు భయపడి హ్యాండిల్ బారును తిన్నగా చేస్తారు. చక్రం కిందికి దిగుతుంది, నిజమే. కాని తిన్నగా చేసిన బండి కుడి మలుపులో ఎటు పోతుంది? మధ్య గీత దాటి, ఎదురుగా వచ్చే వాహనాల బాటలోకి.

సైడుకారులో 60 కిలోల మనిషి కూర్చుంటే అదే లెక్కలో గురుత్వ కేంద్రం 22 సెంటీమీటర్లకు జరుగుతుంది. లేచే వేగం సుమారు 37 కిలోమీటర్లకు, అంటే 23 మైళ్ళకు పెరుగుతుంది. ఒంటరిగా వెళ్ళేటప్పుడు సైడుకారులో ఇసుక మూట వేసుకోవడంలోని అంతరార్థం ఇదే. ఈ అంకెలలో స్ప్రింగుల కదలికను లెక్కలోకి తీసుకోలేదు. నిజ జీవితంలో పరిమితి ఇంకా కొంచెం తక్కువగానే ఉంటుంది.

ఎడమ మలుపు సంగతి వేరు. అప్పుడు వాహనం తిరగబడవలసి వస్తే బండి ముందు చక్రాన్నీ సైడుకారు చక్రాన్నీ కలిపే ఏటవాలు గీత మీదుగా తిరగబడాలి. ఆ గీత గురుత్వ కేంద్రానికి దూరంగా ఉన్నది కనుక పరిమితి కుడి మలుపుతో పోలిస్తే మూడింతలకు పైగా ఉంటుంది. ఇది విని ఎడమ మలుపు నిరపాయమనుకోరాదు. మలుపులో ఉండగా గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు, అంటే ఆ ఏటవాలు గీత వైపుకు తోసుకువస్తుంది. బండి వెనుక చక్రం లేచి, సైడుకారు ముక్కు నేలకు తగులుతుంది. కుడి మలుపులో చక్రం లేవడం నెమ్మదిగా జరిగి ముందే హెచ్చరిస్తుంది. ఎడమ మలుపు ప్రమాదం హెచ్చరించి రాదు.

ముందంజ, లోచూపు, బయటివంపు

ఎడమ మలుపు ప్రమాదాన్ని తగ్గించడానికే సైడుకారు చక్రాన్ని బండి వెనుక చక్రానికి సరిగ్గా పక్కన కాక, కొంత ముందుగా ఉంచుతారు. వృత్తిలోని వారు దీనిని లీడ్ అంటారు. మనం ముందంజ అనుకోవచ్చు. పెద్ద టూరింగు బండ్లకు సాధారణంగా 20 నుండి 30 సెంటీమీటర్లు ఉంచుతారు. పై ఉదాహరణలోని బండి చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు, సైడుకారు చక్రం బండికి 1.2 మీటర్ల దూరంలో, గురుత్వ కేంద్రం వెనుక ఇరుసుకు 75 సెంటీమీటర్ల ముందు ఉన్నదనుకుని నేను లెక్క వేసి చూశాను. భూమ్యాకర్షణలో సగం మేరకు బ్రేకు వేస్తూ ఎడమకు తిరిగేటప్పుడు, ముందంజ ఏమీ లేకపోతే 0.42 వంతు పక్క త్వరణానికే వెనుక చక్రం లేస్తుంది. ముందంజ 25 సెంటీమీటర్లు ఉంటే ఆ పరిమితి 0.55 వరకు పెరుగుతుంది. దాదాపు మూడవ వంతు లాభం. మరి అర మీటరు ఎందుకు ఉంచరు? ముందంజ పెరిగిన కొద్దీ సైడుకారు చక్రం మలుపులలో పక్కకు ఈడ్చుకుపోతుంది, టైరు అరుగుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది.

రెండవ కొలత లోచూపు. ఒక పక్కన లాగుతున్న చక్రం ఉన్నది కనుక వాహనం ఎప్పుడూ కుడివైపుకు ఒరిగిపోవాలని చూస్తుంది. దానిని సరిదిద్దడానికి సైడుకారు చక్రాన్ని ముందుభాగంలో అతి స్వల్పంగా బండి వైపుకు తిప్పి ఉంచుతారు. కొలిచే పద్ధతి సులభం. సమతలంగా ఉన్న గరాజు నేల మీద బండిని నిలబెట్టి, బండి రెండు టైర్లకు ఆనుకుని ఒక తిన్నని పొడవాటి పట్టీని, సైడుకారు టైరుకు ఆనుకుని మరొక పట్టీని పరచాలి. ముందు టైరు వెనుక టైరు కంటె సన్నన కాబట్టి, ఆ తేడాలో సగం మందం గల చెక్కముక్కను ముందు టైరు వద్ద పెట్టడం మరువరాదు. ముందు చక్రానికి కొంచెం ముందు, వెనుక చక్రానికి కొంచెం వెనుక రెండు పట్టీల మధ్య దూరాన్ని కొలవాలి. ముందు కొలత 12 నుండి 25 మిల్లీమీటర్ల మేరకు తక్కువగా ఉంటే సాధారణంగా సరిపోతుంది.

ఇంత చిన్న తేడాకు ఇంత పట్టింపు ఎందుకని అనిపించవచ్చు. కొలిచే చోట్ల మధ్య 2.3 మీటర్ల దూరం ఉండి తేడా 20 మిల్లీమీటర్లు అయితే, కోణం అర డిగ్రీ. ఆ అర డిగ్రీతో చక్రం ఒక కిలోమీటరు దొర్లేసరికి, అది చూసే దిశకూ పోయే దిశకూ మధ్య 8.7 మీటర్ల ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడమంతా టైరు రబ్బరు రాపిడితో చెల్లించవలసిందే. న్యూయార్కు నుండి షికాగోకు వెళ్ళేసరికి అది పది కిలోమీటర్లు దాటుతుంది. లోచూపు రెట్టింపైతే టైరు ఆయుష్షు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మూడవది బయటివంపు. బండిని సైడుకారుకు వ్యతిరేక దిశలో, అంటే ఎడమవైపుకు ఒక డిగ్రీ మేరకు, కొందరు ఒకటిన్నర డిగ్రీ మేరకు, వంచి బిగిస్తారు. మన రోడ్లు నీరు పోవడానికి కుడివైపుకు వాలి ఉంటాయి. ఆ వాలూ, సైడుకారు లాగుడూ కలిసి బండిని కుడికి తీసుకుపోతుంటే, ఎడమకు వంగిన బండి సహజంగా ఎడమకు పోవాలని చూస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు. ఒక డిగ్రీ అంటే మీటరు ఎత్తు వద్ద 17 మిల్లీమీటర్లకు కొంచెం పైన. దారానికి బరువు కట్టి వేలాడదీసి కూడా కొలవవచ్చు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ కొలతలు తీసేటప్పుడు నడిపేవారు బండి మీద కూర్చుని ఉండాలి, సైడుకారులో మామూలుగా ఉండే బరువు ఉండాలి. ఖాళీ బండిని రసమట్టం పెట్టి సరిచేసి, తరువాత మనుషులు ఎక్కగానే అంతా మారిపోయిందని వాపోయేవారు ఉన్నారు. చివరి తీర్పు మాత్రం రోడ్డుదే. ఎప్పుడూ వెళ్ళే వేగంలో, తిన్నని దారిలో బండి ఎటూ లాగకుండా పోవాలి. ఎంతకూ కుడికే లాగుతుంటే బయటివంపును కొద్దికొద్దిగా పెంచాలి. లోచూపుతో దానిని సరిచేయబోతే టైరు బలి అవుతుంది.

చేతులకు పడే శ్రమ

ముందు ఫోర్కు తిరిగే అక్షాన్ని నేల వరకు పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు తగులుతుంది. ఆ ఎడమే ట్రెయిల్. సూపర్ మార్కెట్టు బండి చక్రాలు తమంత తాము వెనుకకు తిరిగి సర్దుకోవడం చూశారు కదా, అదే సూత్రం. ఒంటరి బండికి ఇది స్థిరత్వాన్ని ఇస్తుంది. తిప్పే పనిలో ఎక్కువ భాగం వాలు చేసిపెడుతుంది కనుక చేతులకు శ్రమ ఉండదు. సైడుకారు బండికి వాలు లేదు. చక్రాన్ని చేతుల బలంతో తిప్పి, తిప్పినంతసేపూ పట్టి ఉంచాలి.

ముందు చక్రం మీద 150 కిలోల బరువు, మలుపులో భూమ్యాకర్షణకు 0.3 వంతు పక్క త్వరణం, ట్రెయిల్ 11 సెంటీమీటర్లు అనుకుంటే హ్యాండిల్ బారు మీద ఒక్కొక్క చేయి చూపవలసిన బలం సుమారు ఆరున్నర కిలోలు. కొండదారిలో గంటసేపు ఆరున్నర కిలోల బియ్యం సంచి ప్రతి చేతిలో పట్టుకుని కూర్చోవడం వంటిది. ట్రెయిల్‌ను సగానికి తగ్గిస్తే శ్రమ కూడా సగమవుతుంది. ఇందుకు రెండు మార్గాలున్నాయి. ఫోర్కు గొట్టాలను పట్టి ఉంచే పలకలను మార్చి గొట్టాలను ముందుకు జరపడం ఒకటి. మొత్తం ఫోర్కును తీసివేసి లీడింగ్ లింక్ ఫోర్కును అమర్చడం రెండవది. రెండవది ఖరీదైనదే గాని పక్కబలానికి బాగా తట్టుకుంటుంది. గోల్డ్‌వింగు వంటి బరువైన బండికి డబ్బు పెట్టదలిస్తే సైడుకారు సోకుల కంటె ముందు ఇక్కడ పెట్టాలని నా అభిప్రాయం. ట్రెయిల్ తగ్గితే తక్కువ వేగంలో హ్యాండిల్ ఊగిసలాడే అవకాశం ఉన్నది. అందుకు స్టీరింగ్ డాంపర్ తోడు చేస్తారు.

బంధాలు, బోల్టులు

సైడుకారును బండికి కనీసం నాలుగు చోట్ల బిగించాలి: కింద రెండు, పైన రెండు. కింది రెండూ దూరాన్నీ లోచూపునూ నిర్ణయిస్తాయి. పై రెండు కడ్డీలు రెండు కొసలా మరలు కలిగి, పొడవు సవరించడానికి వీలుగా ఉండి, బయటివంపును నిర్ణయిస్తాయి. జి.ఎల్. 1200 వంటి బండ్లలో ఫ్రేము గొట్టాలకు నేరుగా క్లాంపులు వేయడం కంటె, ఇంజను బిగించిన బోల్టుల స్థానాలను ఆధారం చేసుకుని ఉక్కు గొట్టాలతో ఒక ఉప ఫ్రేమును కింద తొడగడం మేలు. బలం ఒక్కచోట కాక నాలుగైదు చోట్లకు పంచబడుతుంది. పలుచని ఫ్రేము గొట్టానికి నేరుగా వెల్డింగు చేయడం ఎంతమాత్రం తగదు. వెల్డు పక్కన వేడికి గుణం మారిన ఉక్కులోనే పగులు పుడుతుంది. ఒక మిత్రుని బండికి ఊరిలోని ఒక వర్క్‌షాపువారు చేసిన అటువంటి వెల్డు పక్కన, రెండవ వేసవికి వెంట్రుక వంటి గీత కనిపించింది. రంగు మీద సన్నని తుప్పు చార వలన అది బయటపడింది గాని లేకపోతే తెలిసేది కాదు. అప్పటికి ఆ సైడుకారులో రోజూ వెళ్ళేది వారి తొమ్మిదేళ్ళ అమ్మాయి.

పగులు ఎందుకు పుడుతుంది? కుడి మలుపులో సైడుకారు చక్రం గాలిలో ఉన్నదనుకోండి. మనిషితో కలిసి 165 కిలోలు, 75 సెంటీమీటర్ల దూరంలో బండికి వేలాడుతున్నాయి. పై బంధాలకూ కింది బంధాలకూ మధ్య ఎత్తు 35 సెంటీమీటర్లు అయితే పై కడ్డీలు రెండూ కలిసి సుమారు 350 కిలోల లాగుడును ఓర్చుకోవాలి. గతుకులో పడితే ఇది రెండు మూడింతలు కావచ్చు. అదే ఎడమ మలుపులో సైడుకారు చక్రం నేలను గట్టిగా నొక్కుతుంది, అవే కడ్డీలు ఇప్పుడు నొక్కుడుకు గురి అవుతాయి. లాగుడు, నొక్కుడు, మళ్ళీ లాగుడు. లోహానికి అలసట కలిగించేది ఒక్కసారి పడే పెద్ద బరువు కాదు, ఇటువంటి లక్షల మార్పులు.

రసాయన శాస్త్రం నా వృత్తి కనుక బోల్టుల విషయంలో నాలుగు మాటలు అధికంగా చెప్పక తప్పదు. మెట్రిక్ బోల్టుల తలపై 8.8, 10.9, 12.9 అన్న అంకెలు ఉంటాయి. అంకె పెద్దదైతే బలం ఎక్కువ కనుక 12.9 తెచ్చి, తుప్పు పట్టకుండా తళతళలాడే పూత వేయిద్దామని చాలామందికి తోస్తుంది. ఈ రెండింటి కలయిక చేటు తెస్తుంది. పూతకు ముందు ఉక్కును ఆమ్లంలో కడిగేటప్పుడూ, విద్యుత్తుతో పూత పట్టించేటప్పుడూ ఉదజని పరమాణువులు పుట్టి లోహంలోకి చొచ్చుకుపోతాయి. మెత్తని ఉక్కుకు వీటివలన పెద్ద హాని లేదు. బాగా గట్టిపరచిన ఉక్కులో మాత్రం అవి ప్రతిబలం ఎక్కువగా ఉన్నచోటకు చేరి, లోహాన్ని గాజు వలె పెళుసు చేస్తాయి. బిగించినప్పుడు ఏమీ కాదు. గంటల తరువాతో రోజుల తరువాతో, బండి కదలకుండా ఉన్నప్పుడు కూడా, బోల్టు తల ఊడి పడుతుంది. పూత వేసిన వెంటనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు కాల్చితే ఉదజనిలో అధికభాగం వెలుపలికి పోతుంది గాని, మనం కొన్న బోల్టుకు ఆ సంస్కారం జరిగిందో లేదో కంటితో చూసి చెప్పలేము. 10.9 బోల్టులు, నమ్మదగిన చోట కొన్నవి, ఈ పనికి చాలును. స్టెయిన్‌లెస్ స్టీలు అందంగా ఉంటుంది గాని సాధారణంగా దొరికే రకం 8.8 కంటె బలహీనం, పైగా మరలు ఒకదానికొకటి అతుక్కుపోయే గుణం కలది.

మరలు వదులు కాకుండా వేసే నీలపు, ఎర్రని ద్రవాలు మెథాక్రిలేటు జాతివి. వీటి విచిత్రం ఏమిటంటే గాలిలోని ఆమ్లజని ఉన్నంతవరకు ఇవి ద్రవంగానే ఉంటాయి. మరల సందులో గాలి అందక, ఇనుము, రాగి వంటి లోహాల స్పర్శ తగిలినప్పుడు గట్టిపడతాయి. సీసాను నిండా నింపకుండా అమ్మడం మోసం కాదు, లోపలి గాలే దానిని కాపాడుతున్నది. నూనె జిడ్డు ఉంటే సరిగా పట్టదు కనుక మరలను ముందు శుభ్రపరచాలి. ఇంకొక మాట: మరలకు జారుడు పూత రాసి, పుస్తకంలో ఉన్న టార్కుకే బిగిస్తే, రాపిడి తగ్గినందున బోల్టు అనుకున్నదానికంటె ఎక్కువగా సాగుతుంది. పొడి మరకు చెప్పిన అంకె జారే మరకు చెల్లదు.

ముందుగా బండి ఆరోగ్యం

సైడుకారు కొనడానికి ముందు బండిని పరీక్షించుకోవాలి. జి.ఎల్. 1200 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల గోల్డ్‌వింగులలో టైమింగు బెల్టులు రబ్బరువి. అవి తెగితే కవాటాలు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బండి తిరిగిన మైళ్ళు తక్కువైనా రబ్బరు వయస్సు తక్కువ కాదు. గాలిలోని ఓజోను, వేడిమి కలిసి గొలుసులను ఖండిస్తూనే ఉంటాయి. స్టేటరు మార్చాలంటే ఇంజనునే దింపవలసి ఉంటుంది. కనుక సైడుకారు దీపాల భారం దాని మీద వేయడానికి ముందే కనెక్టర్లను పరీక్షించడం వివేకం. 2000 సంవత్సరం నుండి తయారైన టైర్ల పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. మోటారు సైకిలు టైర్ల గుండ్రని అంచు వాలడానికి ఉద్దేశించినది. వాలని బండికి అది మధ్యలోనే అరుగుతుంది, చదునైన టైరు మేలు.

బ్రేకుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సైడుకారు చక్రానికి బ్రేకు లేకపోతే, బ్రేకు వేసిన ప్రతిసారీ సైడుకారు జడత్వంతో ముందుకు పోవాలని చూసి వాహనాన్ని ఎడమకు తిప్పుతుంది. గాస్ ఇచ్చినప్పుడు వెనుకబడి కుడికి తిప్పుతుంది. రెండవదానికి అలవాటు పడవచ్చు, మొదటిదానికి మందు సైడుకారు బ్రేకే. జి.ఎల్. 1200లో కాలి పెడల్ వెనుక బ్రేకుతో పాటు ముందు డిస్కులలో ఒకదానిని కూడా పట్టిస్తుంది. ఆ గొట్టంలోనే మూడవ కాలిపర్‌ను కలిపేటప్పుడు మాస్టర్ సిలిండరు నెట్టే ద్రవం మూడింటికీ చాలునో లేదో చూసుకోవాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా ఉండాలి. తేమ పట్టిన తరువాత దానినుండి ఆశించగలిగేది 140 మాత్రమే. కొండ దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే పెడల్ నేలకు అంటుతుంది. ఎక్కువ బరువు ఆపవలసిన బండిలో పాత ద్రవాన్ని ఉంచడం క్షమించరాని పొదుపు.

లైసెన్సు, రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికొక విధంగా ఉన్నాయి. కొన్ని చోట్ల మూడు చక్రాల బండికి వేరుగా పరీక్ష ఉన్నది. భీమా సంస్థకు మాత్రం ఎక్కడైనా ముందుగా వ్రాతపూర్వకంగా తెలియజేసి, సైడుకారులో కూర్చునేవారికి రక్షణ వర్తిస్తుందని వ్రాతపూర్వకంగానే జవాబు తీసుకోవాలి.

బిగించడం పూర్తయిన తరువాత మొదటి రోజులు ఖాళీ పార్కింగు స్థలంలో గడపాలి. సైడుకారులో 40 లేక 50 కిలోల ఇసుక మూటలను కదలకుండా కట్టి, ముందు పది మైళ్ళ వేగంతో రెండు వైపులా వలయాలు తిరగాలి. ఒంటరి బండి మీద కుడికి తిరగడానికి హ్యాండిల్ కుడిపక్కను ముందుకు నెట్టడం అలవాటు. ఇక్కడ అది చెల్లదు, కారు వలె ఎటు పోవాలో అటే తిప్పాలి. ఈ ఒక్క అలవాటు మారడానికే కొందరికి వారాలు పడుతుంది. తరువాత మూటలు తగ్గించి, చాలినంత ఖాళీ జాగాలో, కుడి వలయాలలో చక్రం లేచే వేగం ఏదో శరీరానికి తెలిసేవరకు అభ్యసించాలి. లేచినప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా తిన్నగా చేయక, కొద్దిగా మాత్రమే సడలించి, గాస్ మెల్లగా తగ్గించి, దేహాన్ని సైడుకారు వైపుకు వాల్చడం నేర్చుకోవాలి. మొదటి యాభై మైళ్ళకు ఒకసారి, ఐదు వందల మైళ్ళకు మరొకసారి ప్రతి బోల్టునూ టార్కు రెంచితో పరీక్షించి, క్లాంపుల అంచుల వద్ద రంగు మీద తుప్పు చార ఏదైనా ఉన్నదేమో దీపం పెట్టి చూడాలి. ఆ రెండవ పరీక్ష అయిన తరువాత ఇసుక మూటలను దించి, వాటి స్థానంలో మనిషిని కూర్చోబెట్టవచ్చు.